నల్లబట్ట తీసే చెయ్యి

కోక్-జార్
1993 డిసెంబరు 3

తమ్ముడు జమ్గిర్‌బెక్‌కి అక్క ఉల్కన్ రాసేది.

నేను బాగానే ఉన్నాను. ఆవు బాగానే ఉంది. పొయ్యి మాత్రం గది నిండా పొగ చిమ్ముతోంది. గొట్టం దులపాల్సిన మీ బావ దులపకుండానే వెళ్ళిపోయాడు. బతికినన్నాళ్ళూ ఏ పనైనా రేపు చూద్దాంలే అనేవాడు. చావు ఒక్కటే ఏ రోజుది ఆ రోజు తెమిల్చుకున్నాడు.

నలభయ్యో రోజు అయ్యాక నువ్వు కొండెక్కి వెళ్ళిపోయావు కదా, అప్పట్నించీ ఇల్లు మరీ పెద్దదైపోయింది. ప్రతి గురువారం ఆయన పేరు చెప్పి నూనె కాచి పిండిముద్దలతో నాలుగు బోర్సోక్‌లు వేయిస్తున్నాను. ఆ వాసన ఆయనకి అందుతోందో లేదో గానీ పక్కింటి సుయుమ్‌కన్‌కి మాత్రం అందుతోంది. ఠంచనుగా వచ్చి కూర్చుంటుంది. "చచ్చినాయన పేరు చెప్పుకుని నేను ఒళ్ళు చేస్తున్నా" అంటుంది. నవ్వకూడదు గానీ నవ్వొస్తుంది.

అసలు సంగతి ఇది. ఆప్రికాట్ తోట పైన కొండ నెర్రె విచ్చింది. మొదట చెయ్యి పట్టేంత ఉండేది, ఇప్పుడు మనిషి కాలు దిగుతుంది. పట్నం నుంచి ఇద్దరు వచ్చి దానికి అటొకటీ ఇటొకటీ ఇనుప మేకులు దిగ్గొట్టి, మధ్యలో దూరం కొలిచి, టీ తాగి వెళ్ళారు. మన కింది ఇళ్ళవాళ్ళందరికీ మైదానంలో, కొత్త ఊళ్ళో, స్థలాలు ఇచ్చారు. వసంతం వానలకి ముందే దిగిపోవాలట. మగవాళ్ళంతా నెర్రెలో గడ్డీ మట్టీ కుక్కారు, నీళ్ళు దిగకుండా.

నాకేమీ కొత్తగా లేదు. మన ఊళ్ళో ఏళ్ళకి అంకెలెవరు చెబుతారు? ఎర్రబురద ఏడు, గొర్రెలు మంచులో పోయిన ఏడు, కలీమ పెళ్ళి ఏడు. ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళు ఇంకా కొండ కిందే ఉన్నారు. నువ్వు పుట్టింది పెద్దవాన ఏడు. అమ్మ నిన్ను నా చంకకెత్తి పక్కింటి నుంచి నిప్పు పట్టుకురమ్మంది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఇల్లు లేదు.

నేను ఇప్పుడే కిందికి దిగలేను. ఏడాది తిరిగి ఆష్ విందు పెట్టి, తలకి కట్టిన ఈ నల్లబట్ట తీసేదాకా కొత్త గుమ్మం తొక్కకూడదు. తొక్కితే ఆ ఇంటికి చావుని వెంటబెట్టుకెళ్ళినట్టే. అది తీసి తెల్లది కట్టాల్సింది పుట్టింటివాళ్ళు. నా పుట్టిల్లంటే నువ్వొక్కడివే. వచ్చే శరదృతువుకి సెలవు పెట్టుకో.

ఉన్ని మేజోళ్ళు రెండు జతలు మెల్స్ లారీలో పంపుతున్నాను. ఒక జత నీకు, ఒకటి నీతో పనిచేసే గెన్నడీకి.

అక్క ఉల్కన్


బోరోన్-బేల్ కనుమ, మంచు పరిశీలన కేంద్రం
1994 జనవరి 9

అక్కకి,

మేజోళ్ళు అందాయి. గెన్నడీ వేసుకుని వాళ్ళమ్మని తలుచుకుని ఏడ్చాడు. రష్యా వెళ్ళిపోతాడట, ఇక్కడ జీతమూ లేదు, మాట్లాడే మనిషీ లేడు అని. నేను మనిషిని కానా అని అడిగితే మేజోళ్ళు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అక్కా, నేను పొద్దున లేస్తే చేసే పనే ఇది. మంచులో గొయ్యి తవ్వుతాను. ఏ పొర దేనికి అతుక్కుంది, ఏ పొర జారేట్టుంది చూస్తాను. జారేట్టుంటే కింద అడ్డకర్ర దగ్గరున్న తాష్తాన్‌కి ఫోన్ చేస్తాను, అతను కర్ర దించి లారీలని ఆపుతాడు. అంతే నా ఉద్యోగం. మట్టి కూడా మంచులాంటిదే. నెర్రెలో గడ్డి కుక్కితే కొండ ఆగదు, గడ్డి తడుస్తుంది.

శరదృతువు దాకా ఎలా ఉంటావు? వానలు ఏప్రిల్‌లో వస్తాయి. చనిపోయిన మనిషికి ఇల్లక్కర్లేదు. ఎంత త్వరగా ఆ నల్లబట్ట వదిలించుకుంటే అంత మంచిది. ఆష్ కింద కొత్త ఊళ్ళో కూడా పెట్టుకోవచ్చు. బావే ఉంటే ముందు తనే పరుపు నెత్తినపెట్టుకుని దిగేవాడు.

ఇక్కడ నాకేం భయం లేదు. కాస్త దగ్గు, అంతే.

జమ్గిర్‌బెక్


కోక్-జార్
1994 ఫిబ్రవరి 2

తమ్ముడికి,

నీ ఉత్తరం సుయుమ్‌కన్ ముందు చదివి తప్పు చేశాను. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేశాను. "వదిలించుకో" అన్నావు. నేను ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన మనిషి చీమిడి కాదు, వదిలించుకోడానికి. పిల్లలు పుట్టలేదని అత్తింట్లో ఎన్ని మాటలు అన్నా ఆయన ఒక్క మాట అనలేదు. నిన్ను తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచాడు. నీకు గుర్తుందో లేదో, మంచు తగిలి నీ చెవులు నల్లబడితే రాత్రంతా తన చంకలో పెట్టుకుని కాచాడు. అలాంటివాడికి ఏడాది బట్ట కట్టుకోకపోతే నేనేం ఆడదాన్ని.

పరుపు నెత్తినపెట్టుకునే మాట నిజమే. దానికి మాత్రం నవ్వాను.

కోపం వచ్చినా నీ మాట చెవిన పెట్టుకున్నాను. మరిది అల్దాష్‌ని పిలిపించి చెప్పాను. ఆష్ ముందుకు జరుపుకోవచ్చట, వెనక్కి జరపకూడదు గానీ. ఏప్రిల్ ఇరవై రెండున పెడదామన్నాడు. కింద కాదు, ఇక్కడే, ఆయన్ని మోసుకెళ్ళిన గుమ్మంలోనే. అల్దాష్ గోధుమరంగు గుర్రాన్ని కోస్తానన్నాడు. ఆ మర్నాడే అందరం కిందికి దిగుతాం. ఇప్పుడు సంతోషమేనా?

నువ్వు వచ్చి తీరాలి. తోటికోడలు ఇప్పుడే మొదలుపెట్టింది. "మీ పుట్టింటోళ్ళు వత్తారా, మంచులో కరిగిపోయారా" అని. "వస్తాడు, నీకూ ఒక గుడ్డ తెస్తాడు, నోటికి కట్టుకోడానికి" అన్నాను.

దగ్గుకి గొర్రెకొవ్వు పాలలో వేసుకుని తాగు. గెన్నడీ మాటలు వినకు, వోడ్కా మందు కాదు.

అక్క


బోరోన్-బేల్
1994 మార్చి 19

అక్కా,

కనుమ మూసేయడం వల్ల నీ ఉత్తరం అందేసరికి ఇంత ఆలస్యమైంది. ఇన్నాళ్ళూ జవాబు రాకపోతే నువ్వు అలిగావనే అనుకున్నాను. తీరా అందాక చూస్తే నిజంగానే అలిగావు. నా చేతిరాత మొరటుది, మాట అంతకంటే మొరటుది. బావ నాకు తండ్రి. ఇంకేం రాయను, రాస్తే మళ్ళీ ఏదో తప్పు దొర్లుతుంది.

ఏప్రిల్ ఇరవైకల్లా అక్కడ ఉంటాను. తెల్ల తలగుడ్డ కొనేశాను. మొన్న సరుకులకి దిగినప్పుడు సంతలో ఒకావిడ చుట్టూ పూల అంచుది చూపించింది. నువ్వు పూలంటే ముక్కు విరుస్తావని సాదాది తీసుకున్నాను. కాగితంలో చుట్టి పరుపు కింద పెట్టాను, పొగ వాసన పట్టకుండా.

గెన్నడీ నిన్న వెళ్ళిపోయాడు. మేజోళ్ళు వేసుకునే వెళ్ళాడు. అతని బదులు ఒక మనిషిని పంపుతామని ఆఫీసువాళ్ళు రేడియోలో చెప్పారు. ఆ మనిషి రాగానే బయల్దేరతాను. సాయంత్రాలు గాలి మాత్రమే మాట్లాడుతోంది. నేనూ దానికి జవాబు చెబుతున్నానని మెల్స్ ఊరంతా చెబుతాడేమో, నమ్మకు.

నెర్రె ఎంతయిందో రాయి. ఆ రెండు మేకుల మధ్య నీ చెయ్యి పెట్టి ఎన్ని జానలో చూసి రాయి.

తమ్ముడు


కోక్-జార్
1994 ఏప్రిల్ 24

జమ్గిర్‌బెక్,

ఆష్ అయిపోయింది. నువ్వు రాలేదు.

ఇరవయ్యో తారీకు నుంచీ దారి చూశాను. ప్రతి లారీకీ సుయుమ్‌కన్ బయటికి పరుగెత్తేది. విందుకి జనం బాగానే వచ్చారు. గోధుమరంగు గుర్రం మాంసం మెత్తగా ఉందని ముసలివాళ్ళు మెచ్చుకున్నారు. దువా చదివారు. ఆడవాళ్ళంతా నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, ఇక బట్ట తీయాలి. "పుట్టింటోళ్ళేరీ" అని అడిగింది ఒక ముసలావిడ. తోటికోడలు తన పెట్టెలోంచి ఒక తెల్లగుడ్డ తెచ్చింది. ఆ మనిషి మంచిదేరా, ఈసారి ఎగతాళి చేయలేదు, "పోనీలే అక్కా, నేను కడతాను" అంది. నేను తల వెనక్కి లాక్కున్నాను. పుట్టింటి చెయ్యి కట్టలేదంటే ఈ మనిషికి వెనక ఎవరూ లేరని ఊరందరి ముందూ ఒప్పుకున్నట్టే. నేనది ఒప్పుకోను. నాకు నువ్వున్నావు.

నిన్న అందరూ దిగిపోయారు. తలుపులు, కిటికీలు, ఇంటి దూలాలు కూడా ఊడదీసి బళ్ళ మీద వేసుకుపోయారు. సుయుమ్‌కన్ నన్ను తిట్టి, ఏడ్చి, మళ్ళీ తిట్టి వెళ్ళింది. ఇప్పుడు ఈ వరసలో పొగ వచ్చే ఇల్లు నాదొక్కటే. నల్లబట్టతో కొత్త ఊరి గుమ్మం ఎక్కలేను. ఆ గుమ్మాలన్నీ కొత్తవి, వాటి మీదికి నా చావు ఎందుకు?

మేకుల మధ్య చెయ్యి పెట్టి చూడమన్నావు. చెయ్యి చాలడం లేదు. పోయిన వారం ఒక గొర్రెపిల్ల లోపల పడింది, దాని అరుపు వినిపించింది గానీ అందలేదు. వాన ఇంకా గట్టిగా పట్టలేదు.

మెల్స్ ఒక మాట అన్నాడు. నువ్వు బాగా చిక్కిపోయావట. ఒంటరిగా గోడతో మాట్లాడుతున్నావట. వాడికి అన్నీ పెంచి చెప్పే అలవాటుంది గనక సగమే నమ్మాను. ఆ సగానికే నిద్ర పట్టడం లేదు. నిజంగా పనుండే రాలేదా, లేక జబ్బు దాస్తున్నావా?

అక్క


బోరోన్-బేల్
1994 మే 1

అక్కా,

మెల్స్ బయట ఇంజను ఆపకుండా నిలబడ్డాడు, అందుకని గబగబా రాస్తున్నాను.

బదులు మనిషి రాలేదు. ఇక వస్తాడన్న ఆశ నాకు లేదు. నేను దిగితే ఇక్కడ మంచు చూసేవాళ్ళు లేరు, తాష్తాన్‌కి ఫోన్ చేసేవాళ్ళు లేరు. ఈ నెల మంచు అన్నిటికంటే చెడ్డది, పొద్దున రాయిలా ఉంటుంది, మధ్యాహ్నానికి పాలలా అవుతుంది. రోజుకి పది లారీలు దాని కింద నుంచే వెళుతున్నాయి. నేను రాను. రాలేను.

తెల్లగుడ్డ ఈ కాగితంలో ఉంది. నా చేత్తో చుట్టి దారంతో ముడేశాను కదా, నా చెయ్యే అనుకో. తోటికోడలి చేత కట్టించుకో. ఈ ఉత్తరం చదివిన పూటే ఆవుని తోలుకుని కిందికి దిగు. ఇది చిన్నవాడిగా అడగడం లేదు. నువ్వు కాదంటే నీకు తమ్ముడు లేడనుకో.

జ.


కోక్-జార్
1994 మే 8

తమ్ముడూ,

ఈ ఉత్తరం సుయుమ్‌కన్ దగ్గర పెడుతున్నాను, ఆవుని చూడ్డానికి కింది నుంచి రోజూ ఎక్కి వస్తానంది. ఒకవేళ మొండికెత్తి నువ్వే ఇటు వచ్చేస్తే నీకిస్తుంది. రాకపోతే పొయ్యిలో వేస్తుంది, ఎందుకంటే అప్పటికి నేను నీ ఎదురుగానే కూర్చుని ఉంటాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "రాను, రాలేను" అన్నావు. తమ్ముడు లేడనుకో అన్నావు. బాగున్న మనిషి అక్కకి అలా రాయడు. నీకు జ్వరమో, మనసు చెదిరిందో, ఏదో అయింది. నువ్వు చిన్నప్పుడూ అంతే, ఒళ్ళు కాలిపోతుంటే "నన్ను ముట్టుకోకు పో" అనేవాడివి. నాకు ఆ గొంతు తెలుసు.

నువ్వు దిగలేకపోతే నేను ఎక్కుతాను. అంత చిన్న సంగతి ఇద్దరికీ ఇన్నాళ్ళు తోచలేదు. గుడ్డ కాగితం విప్పలేదు, కోటు లోపల పెట్టుకున్నాను. నీ చేత్తో విప్పి కడుదువుగాని. నాలుగు రోజులుండి నీకు నాలుగు ముద్దలు వండిపెట్టి, తెల్లబట్టతో తిన్నగా కొత్త ఊళ్ళోనే దిగుతాను. ఈ ఇంటికి ఇక రాను. పొయ్యి ఆర్పేశాను. గొట్టం కూడా దులిపాను, ఎందుకో మరి, వదిలేసి పోయే ఇల్లే కదా.

మెల్స్ తన లారీ పాడైతే వాళ్ళ మామ దగ్గర నీలంరంగు బండి అడిగి తెచ్చాడు. దాని కిటికీ అద్దం సరిగా మూసుకోదట, చలిగా ఉంటుంది అన్నాడు. ఎండు పెరుగుండలు, గొర్రెకొవ్వు, నీకిష్టమైన ఆప్రికాట్ పప్పు మూట కట్టాను.

వాన మొదలైంది. నేను బయల్దేరిన రోజే రావాలా దానికి? కొండ ఇంకా నిలబడే ఉంది.

అక్క


కోక్-జార్
1994 మే 19

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండా ఎప్పుడూ ఉండలేదు గనక రాస్తున్నాను. పంపేది లేదు.

ఏడో తారీకు సాయంత్రం రేడియోలో విన్నాను, మన కొండల మీద మూడు రోజులు కుండపోత అని. నీ నుంచి కబురు లేదు. అలిగి అక్కడే కూర్చుందిలే, అదీ నా పొగరు మాట వల్లే, అనుకున్నాను. అంతకుముందు రెండు రాత్రులు కన్ను మూయలేదు. ఎనిమిదిన తెల్లవారి మంచు మీద కాలేశాను, రాయిలా ఉంది. చలి బాగుంది, ఇవాళ ఒక్క రోజుకి ఏమీ కాదు అనిపించింది. ఒక్క రోజులో నిన్ను కిందికి లాక్కొచ్చి మర్నాడు తిరిగి ఎక్కేద్దామనుకున్నాను. కేంద్రం వదిలి పోతున్నానని తెలిస్తే తాష్తాన్ ఆఫీసువాళ్ళకి చెప్పక తప్పదు. అందుకని పిండి లారీ ఎక్కి, అడ్డకర్ర దగ్గర తల కిందికి వంచుకుని దాటాను. నేను పైన లేనని అతనికి తెలియదు.

కింద వంతెన ఒక్క బండికే పడుతుంది కదా. ఎదుటి బండి దాటేదాకా మేము ఆగాం. వాన కొడుతోంది. నీలంరంగు బండి. లోపల ఎవరో అద్దం మీద ఆవిరి అరచేత్తో తుడుస్తున్నారు. నల్ల తలగుడ్డ కనిపించింది. ఎవరి ఇంట్లోనో చావు, పాపం, అనుకున్నాను. అంతకుమించి ఒక్క ఆలోచన రాలేదు. అటు తిరిగి నిద్రపోయాను.

ఇక్కడికి వచ్చేసరికి సుయుమ్‌కన్ నీ ఆవుకి గడ్డి వేస్తోంది. నన్ను చూసి నవ్వింది. "ఇదేంట్రా, నువ్విక్కడుంటే మీ అక్క ఎవరి దగ్గరికెళ్ళినట్టూ" అంది. ఉత్తరం నిలబడే చదివాను. నీలంరంగు బండి అన్న చోటికి వచ్చేసరికి గడ్డి మీద కూర్చుండిపోయాను. ఆవు వచ్చి నా చేతిలో కాగితం వాసన చూసింది.

పైన కూడా మధ్యాహ్నం నుంచి వానే పడిందట. మంచు మీద వాన పడితే ఏమవుతుందో ఈ దేశంలో అందరికంటే నాకే బాగా తెలుసు. తాష్తాన్ ఇవాళ్టికీ నా మొహం చూడలేకపోతున్నాడు. "నువ్వు ఫోన్ చెయ్యలేదన్నా. చెయ్యలేదంటే దారి బాగుందనే కదా. ఆవిడ నిన్ను చూడ్డానికే వస్తున్నానంది. నేనే సలాం కొట్టి కర్ర ఎత్తాను" అన్నాడు. అతనిలో తప్పేం లేదు. ఎవరిలోనూ లేదు. నేను పైనుంటే మధ్యాహ్నానికి ఫోన్ చేసేవాణ్ణి, కర్ర దిగేది, నువ్వు తాష్తాన్ గదిలో టీ తాగుతూ నన్ను తిట్టుకుంటూ కూర్చునేదానివి.

మెల్స్ బతికాడు. కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. దారంతా నువ్వు నా గురించే చెప్పావట, చిన్నప్పుడు నిప్పు కోసం పక్కింటికెళ్ళిన సంగతి. వంతెన దాటాక, "ఆ పిండి లారీలో ఎవరో పిల్లాడు పడుకున్నాడు, తల అద్దానికి కొట్టుకుంటోంది, చూసేవాళ్ళు లేరు పాపం" అన్నావట. మనిద్దరమూ ఒకళ్ళనొకళ్ళం చూసుకుని పాపం అనుకున్నాం అక్కా.

రెండో రోజు మంచు తవ్వి నిన్ను తీశారు. కోటు లోపల కాగితం తడవలేదు. ముడి నేను వేసినట్టే ఉంది.

కొత్త ఊళ్ళో నిన్ను పడుకోబెట్టే గుడారం వేయబోతే ముసలివాళ్ళు ఒప్పుకోలేదు. నల్లబట్ట వదలని మనిషిని కొత్త గుమ్మాల మధ్యకి తేకూడదన్నారు. కాబట్టి నిన్ను మళ్ళీ ఇక్కడికే, ఈ ఇంటికే తెచ్చాం. ఇంక రానన్నావు ఈ ఇంటికి. గుడారం వాకిట్లో వేసి, నడుముకి గుడ్డ బిగించి, కర్ర ఊతగా బయట నిలబడి గొంతెత్తి ఏడ్చాను. ఆడవాళ్ళు నీకు స్నానం చేయించడానికి లోపలికి వెళుతుంటే ఆ కాగితం మీ తోటికోడలికి చూపించాను. "ఇది నేనే కట్టాలి వదినా, పుట్టింటివాణ్ణి నేను" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "మగాళ్ళు లోపలికి రాకూడదు నాయనా" అంది. ముడి ఆవిడే విప్పింది.

ఊళ్ళో ఈ ఏడుకి అప్పుడే పేరు పెట్టేశారు, ఉల్కన్ మంచు ఏడు అని. నా ఉద్యోగం పోయింది. కనుమ మీద ఇప్పుడు ఎవరూ లేరు, లారీలు మాత్రం వెళుతూనే ఉన్నాయి.

నెర్రె అలాగే ఉంది. పైవైపు మేకు నిన్న రాత్రి లోపలికి జారిపోయింది. నేను గురువారం నూనె కాచాను. బోర్సోక్‌లు మాడిపోయాయి, అయినా సుయుమ్‌కన్ అంత దూరం ఎక్కి వచ్చి తింది. పొయ్యి మాత్రం చక్కగా మండుతోంది, ఒక్క పిసరు పొగ లేదు.

పొద్దున అల్దాష్ గుర్రం మీద వచ్చాడు. గుమ్మం ముందు దిగకుండానే కొండ వంక చూశాడు.

"వాన ఆగేట్టు లేదు తమ్ముడూ. సామాను సర్దుకో, కిందికి పోదాం" అన్నాడు.

"అక్క నలభయ్యో రోజు వెళ్ళనీ బావా" అన్నాను.

జమ్గిర్‌బెక్